దారి చెప్పు యంత్రము

ఈ మధ్య మా యింటికి క్రొత్త మోటారుకారు వచ్చినది. దాని చక్రములను గూర్చి గాని, ఇంజనును గూర్చి గాని నేను ముచ్చటింపబోను. అవి పూర్వపు బండ్లకు నున్నట్లే యున్నవి. వింత యంతయు నడుపువాని యెదుటనున్న గాజుపలకలో గలదు. జానెడు పొడవుగల యీ తెరను వ్రేలితో తాకినచో పాట పాడును. ఫోనులో వచ్చిన మాటను వినిపించును. బండిని వెనుకకు నడుపునపుడు వెనుక నేమున్నదో బొమ్మ చూపును. అన్నిటికంటె ముఖ్యముగ, దారి చెప్పును. వర్తకులు దీనికి ఇన్ఫోటైన్‌మెంటు అని పేరు పెట్టినారు. సమాచారమును వినోదమును ఒకే కుండలో వండిన మాట యది. రెండు మాసములు దీనితో నల్లగొండ, పాలమూరు సీమలలో తిరిగితిని. నాకు తోచిన సంగతులు మనవి చేసెదను.

పల్లెలలో పెద్దలు నన్ను మొట్టమొదట అడిగిన ప్రశ్న యిది: “ఆకాశంల తిరిగే ఉపగ్రహం మనం యాడున్నమో చూస్తదా?” చూడదు. ఇందుకు రేడియోయే మంచి యుపమానము. మీరీ ప్రసంగమును వినుచున్నారు. మీరెవరో, ఏ యరుగుమీద కూర్చుండిరో ప్రసార కేంద్రమునకు తెలియదు. ఉపగ్రహములును అట్లే. అమెరికావారి జీపీయస్ ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున దిరుగుచు, ‘ఇపుడు వేళ యింత, నేనిచట నున్నాను’ అని మాత్రము ఎడతెగక చాటుచుండును. కారులోని యంత్రము కనీసము నాలుగు ఉపగ్రహముల చాటింపులను విని, ఏది యెంత యాలస్యముగ చేరినదో లెక్కగట్టి, తానున్న చోటును తానే తెలిసికొనును. ఆ సంకేతము సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తును గనుక, గడియారము సెకనులో పదిలక్షలవ వంతు తప్పినను దూరము 300 మీటర్లు తప్పును. అందుచేతనే ప్రతి యుపగ్రహమునందును అణు గడియారముల నమర్చిరి. సైన్యముకొరకు పుట్టిన యీ యేర్పాటు 1995 నాటికి పూర్తియైనది. సామాన్యులకు చేరు సంకేతమును బుద్ధిపూర్వకముగ చెరచుటను 2000 మే నెలలో మానిరి. మన దేశమువారును నావిక్ అను ఏర్పాటుకొరకు 2013 జూలై 1న మొదటి యుపగ్రహమును, 2016 ఏప్రిల్ 28న ఏడవదానిని శ్రీహరికోటనుండి పంపిరి.

అయితే చూచువారే లేరని కాదు. పటమును ఫోనుద్వారా తెప్పించుకొనునపుడు మనమున్న చోటును మనమే ఆ పటము నడుపు కంపెనీకి తెలుపుచుందుము. ముందు బండ్ల రద్దీ యున్నదని తెరమీద ఎఱ్ఱగీత కన్పించుట, అట్లు చేరిన వేలకొలది ఫోనుల నడకను బట్టియే.

చోటు తెలియుట వేరు, దారి తెలియుట వేరు. రెండవదానికి పటము కావలెను. 2016 వరకు పాలమూరు జిల్లాలో నుండిన షాద్‌నగరు వద్ద, ఉపగ్రహములు తీయు భూచిత్రముల నందుకొను కేంద్రమొకటి 1979 నుండి కలదు. అట్టి చిత్రములలో చెరువు, గుట్ట, బాట కన్పించును గాని వాని పేర్లు కన్పింపవు. పేర్లు మనుష్యులు చెప్పవలసినవే. చిక్కంతయు నక్కడనే.

నల్లగొండ చెంతనే ఛాయా సోమేశ్వరాలయమున్న పానగల్లు కలదు. వనపర్తి వైపున, 1420 ప్రాంతమున బహమనీ సుల్తాను ఫిరోజు షా విజయనగర సేనలచేత ఓడిన పానగల్లు కోట కలదు. రెంటికి నడుమ నూరు కిలోమీటర్లకు పైగా దూరము. ఇంగ్లీషు అక్షరములలో మాత్రము రెండును ఇంచుమించు ఒక్కటే. నేను నల్లగొండ నడిబొడ్డున నిలిచి ‘పానగల్లు’ అని నోటితో చెప్పగా, నా యంత్రము కోటకు దారి తీసి, మూడుగంటలకు పైగా ప్రయాణమని చెప్పినది. గుడి యక్కడికి నాలుగైదు కిలోమీటర్లు! నల్లగొండ జిల్లాలో చింతపల్లి కలదు; విశాఖ మన్యములోను చింతపల్లి కలదు. కొత్తపల్లులకు, రామాపురములకు లెక్కయే లేదు. పైగా 2016 అక్టోబరు 11న మన పాత జిల్లాలు విడిపోయి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల యేర్పడినవి. 2019లో నారాయణపేటయు వేరుపడినది. కావున ఊరిపేరుతో మండలము పేరు జోడించి చెప్పుటయే క్షేమమని నా యనుభవము. తెలుగున దారి చెప్పు గొంతుకయు కలదు. ఆ తల్లి మిర్యాలగూడను పలుకు తీరు వినవలసినదే గాని చెప్పనలవి గాదు.

యంత్రమునకు దగ్గరదారిపై మక్కువ హెచ్చు. దేవరకొండ ప్రాంతమున ముసురుపట్టిన యొకనాడు, తారురోడ్డు విడిచి కుడివైపు బండ్లబాటలోనికి తిరుగుమనెను. మలుపు వద్ద గొంగడి కప్పుకొనిన గొర్రెలకాపరి చేయి యడ్డము పెట్టి, “సారూ, గటు పోకుండ్రి. చెర్వు మత్తడి దుంకుతున్నది, బాట మీద నడుముల్లోతు నీళ్లున్నయి” అనెను. తెరమీద ఆ బాట తెల్లని గీతయై నిశ్చింతగ పడియున్నది. నేను కాపరి మాటయే వింటిని. మూసీ, డిండి వంటి యేళ్లపై తక్కువయెత్తు వంతెనలున్న చోట్ల వానకాలమున ఇట్టి విచారణ చేయక ముందుకు సాగుట ప్రాణాంతకము.

శ్రీశైలము దారిలో మన్ననూరు దాటి అమ్రాబాదు పులుల యడవిలో ప్రవేశించినచో ఫోను సంకేతము చాలచోట్ల తెగిపోవును. ఉపగ్రహపు సంకేతము తెగదు. అందుచే పటమును ముందుగనే దింపి యుంచుకొనినవారికి బాణపుగుర్తు దారిమీదనే నడచుచుండును. తక్కినవారికి అదే గుర్తు ఉత్త బయలులో నడచుచుండును. రాత్రివేళ అటవీశాఖవారు ఆ దారిని మూయుదురు గనుక, తెరపై గంటల లెక్కను మాత్రమే చూచి బయలుదేరినవారు తనిఖీద్వారము వద్ద తెల్లవారుదాక కూర్చుండవలసి వచ్చును.

ఇక నాకు బొత్తిగా నచ్చని సంగతి. పాతకారులో చల్లగాలిని హెచ్చించుటకు పిడి యుండెడిది, చూడకయే త్రిప్పెడివాడను. ఇపుడు అందుకొరకు తెరలో వెదకవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున రెండు సెకనులు కన్ను మరలించినచో కారు 33 మీటర్లు సాగిపోవును. మన రోడ్లపై ఆ 33 మీటర్లలో ఎండబోసిన వడ్లకుప్ప యుండవచ్చును, వెనుక దీపములేని ట్రాక్టరుండవచ్చును, గొర్రెలమంద యుండవచ్చును. ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించు యూరో ఎన్‌క్యాప్ సంస్థవారు, హారను, మలుపుదీపములు, అద్దము తుడుచునవి మొదలగువానికి చేతికి తగులు మీటలుండినగాని మేలిశ్రేణి యీయబోమని 2026 నుండి నియమము పెట్టిరి. నేనైతే బండి కదలకముందే ఊరిపేరు చెప్పి, తర్వాత తెర జోలికి పోను. ప్రక్కనున్నవారికే ఆ పని యప్పగింతును.

మీలో పలువురకు కారులతో నిమిత్తము లేకపోవచ్చును. అయినను ఈ పటము మీ వాకిటికి వచ్చినదే. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమైన 108 అంబులెన్సు పల్లెపల్లెకును తిరుగుచున్నది. అర్ధరాత్రి పాముకాటు తిన్నవానికొరకు వచ్చు చోదకుడు కొత్తవాడైనచో పటము చూచుకొనియే రావచ్చును. ఊరిపేరు ప్రక్కతండాపై వ్రాసియున్నచో అతడు తండాకు పోవును. మా యూరి విషయమట్లే యుండగా, పంచాయతీలో పెద్దలు కూర్చుండి వాడలకు, బావులకు, బాటలకు సరియైన పేర్లు చెప్పిరి. చదువుకొనుచున్న పిల్లలిద్దరు ఫోనులోనుండి సవరణలు పంపిరి. ఊరిపేరు కొన్నిదినములకు తనచోటికి చేరినది. బడి, దవాఖానా కూడ సరియైనవి. పోచమ్మగుడి మాత్రము ఇంకను చెరువు నడుమనే యున్నది. పిల్లలు మరల వ్రాసినారు.