ఇంటి గుట్టు, దేశం గుట్టు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భార్యను కొడుతుంటే అడ్డం వెళ్ళినవాళ్ళకి వినిపించే మొదటి మాట మనందరికీ తెలుసు: "మా ఇంటి విషయం, మధ్యలో మీరెవరు?" 1963లో అడిస్ అబాబాలో పుట్టిన ఆఫ్రికా ఐక్యతా సంస్థ తన నియమావళిలో రాసుకున్నదీ దాదాపు ఇదే. ఒక దేశం ఆంతరంగిక వ్యవహారాల్లో మరొకరు జోక్యం చేసుకోరాదు. వలసపాలన నుంచి అప్పుడప్పుడే బయటపడిన దేశాలకు ఆ భయం సహజమే, కాదనను. కాని ఆ గోడ చాటున ఎవరు బతికారో కూడా చూడాలి. 1975లో ఈదీ అమీన్‌ను ఆ సంస్థే తన అధ్యక్షపీఠం మీద కూర్చోబెట్టింది.

ఆ గోడను కదిలించినవారిలో ముఖ్యుడు టాంజానియా దౌత్యవేత్త సలీం అహ్మద్ సలీం. ఇరవైరెండేళ్ళకే రాయబారి అయ్యాడు. 1965 నుంచి కొన్నేళ్ళు మన ఢిల్లీలో హైకమిషనర్. 1989 నుంచి 2001 దాకా ఆ సంస్థ ప్రధాన కార్యదర్శి. సొంత ప్రజలను చంపుతున్న ప్రభుత్వానికి సార్వభౌమాధికారం డాలు కాకూడదని దేశాధ్యక్షుల ఎదుటే వాదించాడు. 1993లో కైరోలో ఘర్షణల నివారణకు ఒక యంత్రాంగం ఏర్పడటంలో ఆయన పట్టుదల ఉంది.

మరుసటి ఏడే రువాండా. వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది. కొత్త యంత్రాంగానికి డబ్బూ లేదు, సైన్యమూ లేదు. ఐక్యరాజ్యసమితి అక్కడున్న తన సైనికుల్లో ఎక్కువమందిని వెనక్కి పిలిపించుకుంది. తర్వాత ఆఫ్రికా సంస్థ నియమించిన విచారణ బృందంలో మన జస్టిస్ పి.ఎన్. భగవతి కూడా సభ్యులు. ఆ మారణకాండను ఆపగలిగి ఉండేవారని 2000లో ఆ బృందం తేల్చింది. అదే ఏడు లోమేలో ఆఫ్రికా యూనియన్ రాజ్యాంగ చట్టాన్ని ఆమోదించారు. యుద్ధ నేరాలు, జాతి హననం, మానవాళిపై నేరాలు జరిగితే సభ్యదేశంలో జోక్యం చేసుకునే హక్కు యూనియన్‌కు ఉందని 4వ అధికరణంలో రాశారు.

ఇందులో ఆడవాళ్ళెక్కడ? రువాండాలో ఒక మేయరు, అకాయేసు, మీద పెట్టిన మొదటి అభియోగాల్లో అత్యాచారం ఊసే లేదు. సాక్షులుగా వచ్చిన స్త్రీలు ఎవరూ అడగకుండానే ఆ మాట ఎత్తారు. ధర్మాసనంలో ఉన్న ఏకైక మహిళ, భారత సంతతికి చెందిన నవనీతం పిళ్ళై, ఆ మాటను జారిపోనివ్వలేదు. అభియోగాలు మార్చారు. అత్యాచారం జాతి హననంలో భాగం కాగలదని 1998లో తీర్పు వచ్చింది. నా దృష్టిలో ఏ అధికరణం కన్నా ఇది పెద్ద జోక్యం.

4వ అధికరణం సంగతికొస్తే, 2015 డిసెంబరులో బురుండీకి 5,000 మంది సైనికులను పంపాలని యూనియన్ శాంతి భద్రతా మండలి నిర్ణయించింది. అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2016 జనవరిలో దేశాధ్యక్షులు సమావేశమై, పంపడం లేదన్నారు. లోపల దెబ్బలు తింటున్నవాళ్ళని కాక ఇంటాయననే అనుమతి అడిగితే ఇంకేం జరుగుతుంది? అలాగని ఎవరు పడితే వాళ్ళు తుపాకులతో చొరబడితే ఏమవుతుందో 2011లో లిబియాలో చూశాం. పోలీసులను పిలవాలా వద్దా అని మన సహాయ కేంద్రాల్లో రోజూ కొట్టుకునే ప్రశ్నే ఇది. మీ అనుభవాలు చెప్పండి, వింటాను.