దూరవిద్యలో శిష్యుని ప్రశ్న
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు జరిగిన ఉపన్యాసము)

 

మన పురాణములు ప్రశ్నతో నడచుచున్నవి. జనమేజయుడు అడుగగా వైశంపాయనుడు భారతమును చెప్పెను. పరీక్షిత్తు అడుగగా శుకమహర్షి భాగవతమును వినిపించెను. బమ్మెర పోతన పుట్టిన ఈ ఓరుగల్లు సీమలో ఇది క్రొత్త మాట కాదు. వినువాని ప్రశ్న లేనిచో చెప్పువాని కథ సాగదు.

2020 మార్చిలో కరోనా మహమ్మారి వలన బడులు మూతపడినవి. సెప్టెంబరు 1వ తేదీ నుండి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారముల ద్వారా పాఠములు చెప్పబడినవి. పాఠము ఇంటికి వచ్చినది. కాని ఎదుటి బాలుడు వినుచున్నాడో, కునికిపాట్లు పడుచున్నాడో టీవీలోని పంతులుకు తెలియదు. సందేహము కలిగినచో అడుగుటకు బాలునకు దారి లేదు.

ఆ దారిని ఉపాధ్యాయులు వాట్సాప్‌లో వెదకికొనిరి. తరగతికొక బృందమును కూర్చి అభ్యాసపత్రములను పంపిరి. బాలుడు జవాబు వ్రాసి ఫోటో తీసి పంపును, పంతులు దిద్దును. తోటివారు వ్రాసిరని చూచి వెనుకబడినవాడును కలము పట్టును. దూరమున నున్నను తన్ను గమనించువారు కలరను ధైర్యమే చదువును నిలుపును.

ఇందు దోషములును కలవు. పాఠము వచ్చు ఫోనులోనే ఆటలును వచ్చును. శుభోదయ చిత్రముల క్రింద లెక్క మరుగున పడును. మందమతిని పదుగురిలో దిద్దినచో వాడు మరల నోరు విప్పడు; వానికి విడిగా చెప్పవలయును. అన్నింటికంటె పెద్ద కొరత వేరు. ఇంటికున్న ఒక్క ఫోను తండ్రి వెంట పొలమునకు పోయినచో బిడ్డ చదువు సాయంకాలము వరకు ఆగవలసినదే. ఫోనే లేని యింటి మాట చెప్పనేల?

బడులు తెరచినను దూరవిద్య పోలేదు. 1982లో స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము నేడు అంబేడ్కరు పేర నడుచుచున్నది. 2017లో కేంద్ర ప్రభుత్వపు స్వయం వచ్చినది. ఇట్టి ఆన్‌లైన్ చదువులలో చేరువారు పెక్కురు, ముగించువారు కొందరు. పహాణీలో పేరున్నంత మాత్రమున పంట పండదు గదా! ఏకలవ్యుడు మట్టిబొమ్మ యెదుట విద్య నేర్చెను, అట్టివాడు కోటికొక్కడు. తక్కినవారికి బదులు పలుకు గురువు, రమ్మని పిలుచు తోటివాడు కావలయును.

1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినపుడు, నిజాము పాలనలో తెలుగు చదువునకు ఆదరణ కొరవడియుండెను. బడి తీర్పలేని కొరతను గ్రంథాలయము తీర్చినది. నేడును అదియే కర్తవ్యము. ఒకే చదువులో చేరినవారు ఒక బృందముగా ఏర్పడి, వారమునకొక సాయంకాలము ఇచ్చట కూడవలయును. చదువుకొన్న చందాదారులు దినమునకొక ప్రశ్నకైనను బదులీయవలయును. ఫోను లేని బిడ్డకు ఇచ్చట ఒక పీట, ఒక దీపము, ఒక ఫోను ఉండవలయును.

ప్రశ్న అడుగు బిడ్డ యున్నంత వరకు ఈ గ్రంథాలయమునకు వార్ధక్యము లేదు. స్వస్తి.