నిర్వచనముల వెనుక మనుష్యులు

చట్టమును తెరచినప్పుడు మనము శిక్షల ప్రకరణమును వెదకుదుము. మొదటనున్న నిర్వచనములను దాటివేయుదుము. అసలు కీలకమక్కడనే యుండును.

అమెరికా రాష్ట్రములలో లైంగిక నేరములకు శిక్షపడినవారు తమ పేరును, నివాసమును ప్రభుత్వపు పట్టికలో నమోదు చేయించుకొనవలెను. కాలిఫోర్నియాలో ఇట్టి చట్టము 1947లోనే వచ్చినది. పసిబిడ్డల రక్షణ కొరకని చెప్పిన, కాదనువారెవరు? మనమును కాదనము.

అయితే "చిరునామా" యన నేమి? జార్జియా రాష్ట్రమున ఒకప్పటి చట్టము, ఇల్లులేమి చిరునామా కానేరదనినది. మరి వంతెన క్రింద పరుండువాడు ఏమని వ్రాయించవలెను? వ్రాయింపకున్న మరల చెరసాల! ఇల్లులేనివాడేమి చేయవలెనో చట్టము స్పష్టముగా తెలుపలేదని, అట్టివారి విషయమున ఆ నిబంధన చెల్లదని, 2008లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

"శిక్ష" యను మాట ఇంకను చిక్కైనది. అలాస్కా రాష్ట్రము 1994లో చేసిన నమోదు చట్టము, అంతకు పూర్వము నేరము చేసినవారికిని వర్తించునది. పాత నేరమునకు క్రొత్త శిక్ష కూడదు గదా! కాని నమోదు శిక్షయేనా? కాదని 2003లో అమెరికా సుప్రీంకోర్టు పలికినది. ఔనని, తమ రాష్ట్ర రాజ్యాంగమును బట్టి, 2008లో అలాస్కా సుప్రీంకోర్టు పలికినది. చట్టమునకు పూర్వపు నేరములకు నమోదు వర్తింపదని తేల్చినది.