మితాహారము – గృహస్థధర్మము





భోజనపంక్తిలో మనవారు తరచుగా చెప్పు మాట యొకటి కలదు. అన్నము పరబ్రహ్మస్వరూపము, వద్దనరాదు అని. ఆ మాట చెప్పి, చాలునన్నవాని విస్తరిలో మరి రెండు గరిటెలు వడ్డించుచున్నారు. అన్నమును నిందింపరాదనియు, త్రోసిపుచ్చరాదనియు తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో ఉన్నమాట నిజమే. కాని అదే ఉపనిషత్తు బ్రహ్మానందవల్లిలో అన్నశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పుచు, ప్రాణులచే తినబడునది గనుకను, ప్రాణులను తాను తినునది గనుకను దానికి ఆ పేరు కలిగినదని చెప్పినది. మొదటి సగమును మనము గట్టిగా పట్టుకొన్నాము. రెండవ సగమును విడిచిపెట్టినాము. నేటి ప్రసంగము ఆ రెండవ సగమును గూర్చి.

మనలను అన్నము ఎట్లు తినును? చరకసంహిత సూత్రస్థానము 21వ అధ్యాయములో ఇది విపులముగా ఉన్నది. అతిస్థూలునకు ఎనిమిది దోషములు చెప్పబడినవి. ఆయువు తగ్గుట, కదలికలో చురుకుదనము పోవుట, దాంపత్యమున ఇబ్బంది, బలహీనత, దుర్గంధము, మిక్కిలి చెమట, మితిలేని ఆకలి, మితిలేని దప్పిక. లావుగా ఉన్నవానిని లోకము బలవంతుడనును, శాస్త్రము బలహీనుడన్నది. కారణములలో అతిభోజనము, తీపి, నేయి నూనెలు, పగటినిద్ర, వ్యాయామము లేకపోవుట మాత్రమే కాక, తల్లిదండ్రుల బీజస్వభావము కూడ చెప్పబడినది. కావున స్థూలకాయుని చూచి నవ్వువాడు శాస్త్రము చదువనివాడు.

నేటి వైద్యులు చెప్పునదియు ఇందుకు దూరము కాదు. పొట్టలో, కాలేయము చుట్టును చేరిన కొవ్వు వలన ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దానినుండి మధుమేహము, రక్తపోటు, గుండెజబ్బు వచ్చును. మోకాళ్లు అరుగును. నిద్రలో గురకతోపాటు శ్వాస ఆగి ఆగి వచ్చును. మన దేశీయులలో ఈ కీడు తక్కువ బరువునకే మొదలగుచున్నందున, నడుము చుట్టుకొలత పురుషునకు 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటరాదనుచున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి సుమారు 36 మంది స్త్రీలు, 31 మంది పురుషులు అధికబరువు గలవారని తేలినది. తెలంగాణమున స్త్రీలు 30, పురుషులు 32.

నాతో కలసి వేదము చెప్పుకొన్నవారిలో ఒక మహానుభావుడు గొప్ప ఘనపాఠి. అరువదియేండ్లు నిండకుండగనే పీటమీద కూర్చుండలేక, కుర్చీలో కూర్చుండి సంకల్పము చెప్పుకొనవలసి వచ్చినది. తరువాత చక్కెరవ్యాధితో పాదము పుండై వ్రేళ్లు తీసివేసినారు. కంఠములో స్వరము మాత్రము కడవరకు తప్పలేదు. సమారాధనలలో ఆయన విస్తరి నింపినవారందరు ఆయనను ప్రేమించినవారే. శత్రువు ఒక్కడును లేడు.

మనలో అనేకులకు సూత్రకారుడైన ఆపస్తంబుడు ధర్మసూత్రములలో భోజనమునకు లెక్క చూపినాడు. సన్న్యాసికి 8 కబళములు, వానప్రస్థునకు 16, గృహస్థునకు 32. బ్రహ్మచారికి మాత్రము లెక్క లేదు. ఎందులకు? వాడు పెరుగుచున్న పిల్లవాడు. నీళ్లు మోయును, సమిధలు తెచ్చును, భిక్షకై ఊరంతయు తిరుగును. ఈ వరుసలోని సూక్ష్మమును గమనింపుడు. వయస్సు పెరిగినకొలది కబళములు సగము, అందులో సగము అగుచున్నవి. మనము చేయుచున్నదేమి? పొలము పోయినది, నడక పోయినది, బావినీరు తోడుట పోయినది, ఉద్యోగవిరమణ కూడ అయినది. విస్తరి మాత్రము ఇరువదియేండ్లనాటిదే. పైగా సాయంకాలము పకోడీలు!

అట్లని కడుపు మాడ్చుకొనుమని నేను చెప్పుటలేదు. ఆహితాగ్ని, ఎద్దు, బ్రహ్మచారి ఈ ముగ్గురును తినియే తమ పని నెరవేర్తురని అక్కడనే చెప్పబడినది. భోజనమునకు ముందు మనము ప్రాణాహుతులు వేయుచున్నాము గదా. అనగా అది హోమము. హోమములో నేతిని స్రువముతో కొలిచి వేయుదుము గాని, కుండ ఎత్తి గుమ్మరింపము. చిన్న అగ్నిమీద బండెడు సమిధలు పేర్చినచో పొగయే మిగులును. ఉదయము, సాయంకాలము భుజించి నడుమ ఏమియు తిననివాడు నిత్యోపవాసియే యని మహాభారతములో ఉన్నది.

ఉపవాసమనగా జ్ఞాపకము వచ్చినది. ఏకాదశినాడు, శనివారమునాడు రాత్రి అన్నము మానుచున్నామందురు. మాని ఏమి తినుచున్నారు? ఫలాహారమట! ఆ మాటలో ఫలమున్నది. పళ్లెములో ఉప్మా, పూరీలు, వడలు ఉన్నవి. ఒక గ్రాము పిండిపదార్థములో సుమారు 4 కెలోరీల శక్తి ఉన్నచో, ఒక గ్రాము నూనెలో 9 ఉన్నది. బియ్యమును విడిచి నూనెలో వేగిన పిండిని ఆశ్రయించినవాడు ఉపవాసదినమున మామూలుకంటె ఎక్కువ తినినాడు. ఆ రాత్రికి ఒక జామపండు, ఒక గ్లాసు మజ్జిగ చాలును. అయితే మధుమేహమునకు మందులు, ఇన్సులిన్ వాడువారు వైద్యునడుగక ఉపవాసము చేయరాదు. చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగును.

ఇక విస్తరి మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారము, 2000 కెలోరీలు చాలినవానికి దినమునకు వండక ముందు తూకములో ధాన్యములు 250 గ్రాములు, కూరలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు 85, నూనె 27. మన విస్తరి దీనికి తలక్రిందులు. నడుమ అన్నము గుట్ట, మూలన రవ్వంత కూర. కూరను నడుమకు తెండు, అన్నమును మూలకు జరుపుడు. ముందుగా ఆకుకూరపప్పు, పులుసులోని ముక్కలు తినుడు. ఆకలి సగము అక్కడనే తీరును. స్థూలునకు పథ్యముగా చరకుడు చెప్పినవి కొర్రలు, అరికెలు, యవలు, పెసలు, ఉలవలు. ఇవన్నియు మన పెద్దలు తినినవే. అయినను కొర్రలుగదా యని కుప్పగా తినినచో బియ్యముతో భేదము కొంచెమే.

తగ్గించుటలోను క్రమముండవలెను. చాంద్రాయణవ్రతములో కృష్ణపక్షమున దినమునకు ఒక్క కబళము చొప్పున తగ్గింతురు, ఒక్కసారిగా మానరు. ఆ వ్రతమును చేయుమనను. ఆ పద్ధతిని మాత్రము గ్రహింపుడు. ఈ వారము ఒక గరిటె అన్నము, వచ్చు వారము కాఫీలో చక్కెర. నెలకు రెండు కిలోలు తగ్గిన చాలును. 80 కిలోల బరువున్నవాడు నాలుగైదు కిలోలు తగ్గినంతమాత్రముననే రక్తపోటు, చక్కెర మేలుపడునని వైద్యులు చెప్పుచున్నారు.

తల్లులారా! మీతో ఒక మాట. పిల్లలు వదలినది, గిన్నె అడుగున మిగిలినది, పారవేసిన పాపమని మీరే తినుచున్నారు. ఆకలి లేని కడుపులో పడిన అన్నము కూడ వృథా అయినట్లే. పాపభీతి ఉన్నచో ఎసట్లో పోయునప్పుడు గుప్పెడు బియ్యము తగ్గింపుడు, ఆ గుప్పెడు వేరొక డబ్బాలో వేసి మాసాంతమున ఆకలిగొన్నవానికి ఇండు.

అన్నదానశాలలో వడ్డించు నాయనలకు నా విన్నపము. ఎవరైనను చాలునని విస్తరిమీద చేయి అడ్డము పెట్టినచో, ఆ చేతిని తొలగించి వడ్డింపకుడు. చక్రపొంగలి, పులిహోర ప్రసాదముగా పెట్టునప్పుడు కుడిచేతి అరచేతిలో పట్టినంతే పెట్టుడు. పెద్దవారు కూర్చున్న వరుసలో ముందుగా కూర, మజ్జిగ చూపుడు. అన్నము అడిగినవారికి అడిగినంత వేయుడు.

స్వస్తి.