హాని పూడనిదే సంధి కాదు



కలహము లేని గ్రామము లేదు. గట్టు జరిగినదని యొకరు, కాలువకు గండి కొట్టిరని యొకరు, పశువు చేలో పడినదని మఱొకరు తగవునకు దిగుట అనాదిగా నున్నదే. కలహము పుట్టుట గ్రామమునకు తలవంపు కాదు. పుట్టిన కలహమును తీర్చుకొనలేకపోవుటయే తలవంపు. తీర్చుటకై పెద్దలు కూర్చున్న చోట తరచుగా వినవచ్చు మాట యొకటి గలదు: “అయినదేదో అయినది, ఇక కలిసిమెలిసి యుండుడు.” ఈ మాట చెవికి ఇంపుగనే యుండును. కాని పంట పోయినవానికి గింజ రాలేదు. నిందపడినవానికి నింద తొలగలేదు. పైకి చేతులు కలిసినవి, లోపల నిప్పు ఆరలేదు. మఱుసటి యేడు నారుమళ్ళ వేళకు ఆ నిప్పే మంటయై లేచును.

ఈ ధర్మసూక్ష్మమును తెలుగువారికి తేటగా జూపునది తిక్కన సోమయాజి రచించిన ఉద్యోగపర్వము. యుద్ధమునకు ముందు నడచిన రాయబారములలో రెండింటిని పోల్చి చూడవలెను. ధృతరాష్ట్రుడు పంపగా సంజయుడు పాండవుల కడకు వచ్చెను. శాంతి మేలనియు, బంధువధ పాపమనియు మృదువుగా బలికెను. రాజ్యభాగము నిచ్చెదమన్న మాట మాత్రము తేలేదు. తీసికొన్నవాడు తిరిగి యీయనక్కరలేదు, పోగొట్టుకొన్నవాడే యోర్చుకొనవలెనను సంధి యది. ధర్మరాజు అయిదూళ్ళిచ్చినను చాలునని బదులు పంపెను. ఆయన అడిగినదానిని తగ్గించెనే కాని అడుగుట మానలేదు.

పిదప శ్రీకృష్ణుడు తానే బయలుదేరెను. బయలుదేరుటకు ముందు పాండవుల యభిప్రాయములను వినెను. ద్రౌపది వేదనను వినెను. నిండు సభలో ఈడ్వబడిన తన కేశపాశమును జూపి, సంధి మాటలాడునప్పుడు దీనిని మఱవవలదని ఆమె వేడుకొనెను. బాధపడినవారి నోట బాధను వినకుండ వారి తరఫున ఓర్పును వాగ్దానము చేయు అధికారము ఏ పెద్దమనిషికిని లేదు. హస్తినాపురము చేరిన కృష్ణుని దుర్యోధనుడు విందునకు బిలిచెను. వచ్చిన కార్యము నెఱవేరిన పిమ్మటనే దూతలకు విందులని చెప్పి ఆయన నిరాకరించి, విదురునింట భుజించెను. తగవు తీర్చ వచ్చి ఒకరి యింట ఆకు వేయించుకొనువారు ఈ ఘట్టమును మఱల మఱల చదువుకొనవలెను.

అంతటి రాయబారము ఏల విఫలమయ్యెను? తనయందు దోష మిసుమంతయు లేదని దుర్యోధనుడు సభలో బలికెను. తప్పొప్పుకొనని చోట భగవంతుడే మధ్యవర్తియైనను సంధి పొసగదు.

ఇది పురాణగాథ యని త్రోసివేయరాదు. 1974వ సంవత్సరమున కెనడా దేశపు ఒంటారియో రాష్ట్రమున ఎల్మీరా యను చిన్న పట్టణమున ఇద్దరు యువకులు త్రాగిన మైకమున ఒక్క రాత్రిలో 22 చోట్ల ఆస్తులను ధ్వంసము గావించిరి. దొరికిపోయి నేరము నంగీకరించిరి. శిక్ష వేసి పంపివేయుట వాడుక. కాని అచటి పర్యవేక్షణాధికారి యొకరు, వీరిని నష్టపోయినవారి యెదుట నిలిపిన మేలని న్యాయమూర్తికి సూచించెను. న్యాయమూర్తి సమ్మతించెను. యువకులు గడప గడపకు బోయి, ఈ పని చేసినవారము మేమేయని చెప్పి, నష్టమెంతో తెలిసికొని, కొన్ని నెలలలో పరిహారము చెల్లించిరి. ఈ యుదంతమునుండి అట్టి పద్ధతి పలు దేశములకు ప్రాకెను. న్యూజిలాండు దేశమున 1989లో వచ్చిన చట్టము, తప్పుచేసిన బాలుని, అతని బంధువులను, హాని పొందినవారిని ఒకచోట గూర్చుండబెట్టి పరిష్కారము వెదకు విధానమును నెలకొల్పెను. అచటి మావోరీ ప్రజల పూర్వాచారము దానికి ప్రేరణ.

శిక్షకును పూడ్చుటకును గల భేదము రైతులకు తెలియనిది కాదు. చేలో పడిన పశువును బందెలదొడ్డికి తోలినచో యజమాని రుసుము కట్టి విడిపించుకొనును. ఆ రుసుము పంట పోయినవాని చేతికి రాదు. యజమాని తానే వచ్చి, చేను చూచి, పోయిన పంటకు ధాన్యము కొలిచి యిచ్చి, కంచె వేయుటకు తోడ్పడినచో ఇరువురికిని మఱునాడు ఒకే బావి కడ నిలువ ముఖము చెల్లును.

మన దేశమున 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము లోక్ అదాలత్తులకు బలము నిచ్చినది. అందు కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కోర్టులోని దావా అచట రాజీపడినచో కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టము ఊరి శాంతికి సంబంధించిన తగవులకు ముగ్గురు మధ్యవర్తులను పేర్కొన్నది. ఇరుపక్షముల ముందస్తు సమ్మతి అందు తప్పనిసరి. అట్టి ఒప్పందమునకు డిక్రీ బలము లేదు. ఇచ్చిన మాటయే దానికి బలము.

అయినను ఒక హెచ్చరిక యవసరము. హత్య, మానభంగము వంటి ఘోరములు రచ్చబండపై తీర్చవలసినవి కావు. రాజీకి వీలులేని నేరములను విచారించు నధికారము లోక్ అదాలత్తుకే లేదు. ఇక నలుగురు పెద్దల కెక్కడిది? బలవంతుని యెదుట బలహీనునిచే వ్రేలిముద్ర వేయించుట సంధి కాదు. జరిమానా వేసి త్రాగుటయు, కుటుంబమును వెలివేయుటయు న్యాయము కావు. షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని ఇతరులు వెలివేయుట 1989 నాటి అత్యాచార నిరోధక చట్టమునకు 2015 నాటి సవరణ ననుసరించి శిక్షార్హమగు నేరము.

కావున మధ్యవర్తి మొదట హాని పొందినవారిని వినవలెను. పిదప రెండవవారిని వినవలెను. ఏమి జరిగినది, ఎవరికేమి పోయినది, దానిని ఎవరెట్లు పూడ్చెదరు అను మూడు ప్రశ్నలకు జవాబు దొరకునంతవఱకు “కలిసి యుండుడు” అను మాట నెత్తరాదు. ఒప్పందమును కాగితముపై వ్రాసి, చదువు రానివారికి అర్థమగునట్లు బిగ్గరగా చదివి, గడువు పెట్టవలెను. గడువు నాడు పోయి చూడవలెను.

ఇట్టి సమావేశము ఒకరి యరుగుపై జరిగిన మఱొకరికి శంక. ఈ గ్రంథాలయము ఎవరి యరుగును కాదు. తగవుపడిన రెండిండ్ల పిల్లలును ఇచట ఒకే బల్లపై కూర్చుండి, ఒకే పత్రికను పంచుకొని చదువుదురు. ఆ బల్లపై పెద్దలును ఎదురెదురుగా గూర్చుండగల నాడు ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.