పిడి చూసి కత్తి కొనండి



ఈ పూట పిడి గురించి మాట్లాడుకుందాం. "కొడవలి పట్టి పెరిగినోళ్ళం, మాకు పిడి గురించి చెప్తవా పంతులమ్మా?" అని మీరు అడగొచ్చు. అడగండి. కానీ సంతలో కత్తి కొనేటప్పుడు మనం ఏం చూస్తున్నాం? బొటనవేలు పెట్టి పదును చూస్తాం. పిడి చూడం. బొబ్బలెక్కేది పిడి వల్లనే గదా! చేతికి బొబ్బలైతే మరునాటి కూలి పోతుంది.

మిర్యాలగూడ వైపు సాగర్ కాలువ కింద వరిని ఇప్పుడు చాలావరకు మిషన్లే కోస్తున్నాయి. అయినా గట్టు మీది గడ్డి, మిషన్ దిగని బురద మడి కొడవలికే మిగిలాయి. చెలకలో జొన్న కోయాలన్నా కొడవలే కావాలి.

కొడవలి పిడికి నల్లతుమ్మ మంచిది. మన చెలక గట్ల మీదనే ఉంటుంది. చిరుమాను ఇంకా గట్టిది. గొడ్డలి కామకు దానికి సాటి తక్కువ. కానీ నల్లమల అడవిలో చెట్టు కొడితే కేసు అవుతుంది. తుమ్మతోనే సరిపెట్టుకుందాం. కొమ్మ నరికి చూడండి. అంచున తెల్లగా ఉంటుంది. దానికి తొందరగా పుప్పి పడుతుంది. లోపల ఎర్రగా, గట్టిగా ఉండేదే చేవ. పిడికి చేవ కావాలి. టేకు చెద పట్టదు. కానీ గట్టి దెబ్బలకు విరుగుతుంది. కాబట్టి గొడ్డలికి వద్దు.

అసలు చిక్కు పచ్చి కర్రతో వస్తుంది. పచ్చి కర్రకు కొడవలి తోక బిగిస్తే ఆ రోజు గట్టిగానే ఉంటుంది. కర్ర ఆరినకొద్దీ సన్నబడుతుంది. తోక ఊగుతుంది. ఒకనాడు కోత మధ్యలో ఊడి చేతి మీద పడుతుంది. అందుకే కర్ర నెలల తరబడి నీడన ఆరాలి. ఎండలో పెడితే పగుళ్ళు వస్తాయి.

పిడి వదులైతే మనం ఏం చేస్తాం? నీళ్ళలో నానేస్తాం. ఆ పూటకు బిగుస్తుంది. కానీ ఉబ్బిన కర్ర ఇనుముకు ఒత్తుకొని లోపల నలుగుతుంది. ఆరినాక మునుపటికన్నా వదులవుతుంది. కమ్మరి దగ్గర చెక్కముక్క కొట్టించి, పొన్ను వేయించండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి తెగుతుంది. తెగితే మట్టి, బూడిద అద్దొద్దు. శుభ్రమైన నీళ్ళతో కడిగి, బట్టతో గట్టిగా అదిమి పట్టండి. దవాఖానకు పోయి ధనుర్వాతం సూది సంగతి అడగండి.

పిడి లావు కూడా చూడాలి. గుప్పిట పడితే బొటనవేలు చూపుడువేలిని తాకాలి. అక్కల చేతులు చిన్నవి. లావు పిడి పట్టలేకపోతే చెక్కించుకోండి. అడగడానికి సిగ్గెందుకు?

మడత చాకు సంగతి వేరు. పెద్దగట్టు జాతరలోనో, కురుమూర్తి జాతరలోనో పిల్లలు కొనిపెట్టమంటే ముందు మడత చూడండి. దాని పిడే దానికి ఒర. కర్ర పిడి వానకు ఉబ్బితే చాకు మడతలో ఇరుక్కుంటుంది. టేకు తక్కువ ఉబ్బుతుంది. కాబట్టి ఇక్కడ టేకు పనికొస్తుంది. ఇత్తడి బరువు, చెమటకు జారుతుంది. ప్లాస్టిక్‌కు నీళ్ళ భయం లేదు. గీతలున్నది తీసుకోండి, నున్నటిది వద్దు. ఎండలో వదిలేస్తే పెళుసవుతుంది. బర్రె కొమ్ము పిడి చూడముచ్చటగా ఉంటుంది గానీ తడికీ, ఎండకూ వంకరపోతుంది. జింక కొమ్మని చెప్తే అసలే కొనొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

చాకు తెరిచి అటూ ఇటూ ఊపి చూడండి. లోపల ఆపే లాకు లేకపోతే దానితో సంచికి బొక్క పొడవొద్దు. మొన నొక్కితే చాకు వెనక్కి మడుచుకొని వేళ్ళ మీదికే వస్తుంది.