నీరా పులియకుండ కాపాడుట: లొట్ల శుభ్రత, చల్లబరచుట

(గీత పనివారికి, తాటితోపులు గల రైతులకు జరిపిన శిక్షణ శిబిరములో చేసిన ఉపన్యాసము)



చెట్టు ఎక్కుట, గెల కట్టుట, గీత వేయుట గురించి మీకు నేను చెప్పవలసినది ఏమియు లేదు. ఆ విద్య మీ తాతల నాటిది. నేను చెప్పదలచినది చెట్టు దిగిన తరువాతి సంగతి. ఇంకను సరిగా చెప్పవలెనన్న, చెట్టు ఎక్కుటకు ముందు రోజు సాయంత్రపు సంగతి. నీరా చెడుట తెల్లవారుజామున మనకు తెలియును గాని, అది చెడిపోవుటకు కారణము ముందు రోజు కడగని లొట్టిలోనే ఉన్నది.

నీరాకు, కల్లుకు భేదము చెట్టులో లేదు. ఒకే గెల, ఒకే రసము. చెట్టు లోపల ఆ రసములో సూక్ష్మజీవులు దాదాపుగా ఉండవు. నూటికి 10 మొదలు 13 పాళ్ల వరకు చక్కెర గల మంచి తీపి రసమది. కోసిన ముఖము మీదికి వచ్చిన క్షణము నుండి గాలి, ఈగ, చీమ, కత్తి, లొట్టి, చేయి, వడకట్టు గుడ్డ, ఇన్నిటి నుండి దానికి ఈస్టు, బాక్టీరియా అంటుకొనును. అవి చక్కెరను తిని సారాయిని, పులుపును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. నురుగు వచ్చుట అందువలననే.

ఇక ఒక చిన్న లెక్క చూడుడు. ఒక సూక్ష్మజీవి గంటకొకసారి రెండగుననుకొందము. రాత్రి పది గంటలు లొట్టి చెట్టున ఉన్నచో ఒకటి 1,024 అగును. బాగుగా కడిగిన లొట్టిలో మొదట 100 ఉన్నచో తెల్లవారుసరికి లక్ష దాటును. అది నాలుకకు తెలియదు. అడుగున నిన్నటి మడ్డి ఉన్న లొట్టిలో మొదటనే లక్ష ఉన్నచో తెల్లవారుసరికి పది కోట్లు దాటును. కల్లు గీయువారు లొట్టిలో కొంచెము మడ్డి విడుచుట ఎందుకో మీకు తెలిసినదే. త్వరగా పొంగవలెనని వారు బుద్ధిపూర్వకముగా చేయుదురు. నీరా గీయువాడు అదే పనిని అశ్రద్ధ చేత చేయును.

ఈ శత్రువు మనకు మాత్రమే ఉన్నదనుకొనవద్దు. విదేశములలో ఇండ్లయందు బీరు కాచుకొనువారు యవల మొలకల నుండి తీసిన తీపి కషాయమును మరిగించి, వెంటనే చల్లార్చుటకు ఎంతో శ్రమపడుదురు. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్నచో తమకు అక్కరలేని క్రిములు అందులో చేరి పులుపెక్కించునని వారి భయము. ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్ 1876లో బీరును గురించి ప్రకటించిన గ్రంథములో, అది చెడుటకు పరాయి సూక్ష్మజీవులే కారణమని వివరించినాడు. అయితే వారికి, మనకు ఒక తేడా కలదు. వారు చల్లబరచిన పిమ్మట తమకు నచ్చిన ఈస్టును తామే కలుపుదురు. మనకు ఏ ఈస్టూ వద్దు. కాబట్టి మన పని వారి పని కన్న కష్టము. పైగా వారికి మరిగించిన కషాయముతో పని మొదలగును, మనకు పచ్చిరసముతో.

ఇక శుభ్రత. కడుగుట వేరు, క్రిమిరహితము చేయుట వేరు. ఈ రెంటిని ఒకటిగా భావించుటయే మనము చేయు పెద్ద పొరపాటు. జిగురు, మడ్డి, పాత సున్నపు పొర పోవునట్లు బ్రష్షుతో తోమి కడుగుట మొదటిది. కంటికి కనపడని జీవులను చంపుట రెండవది. మొదటిది చేయక రెండవది చేసిన ఫలము లేదు. బ్లీచింగు పొడిలోని క్లోరిన్ మురికితోనే ఖర్చయిపోవును. క్రిములు హాయిగా ఉండును. సున్నము సంగతియు అంతే. మురికి మీద సున్నము పూయుట గోడకు వెల్ల వేసినట్లే, కింద ఉన్నది కిందనే ఉండును.

మట్టి లొట్టి విషయము కొంచెము విడిగా చెప్పవలెను. మట్టికి సన్నని రంధ్రములు ఉండును. వాటిలో దూరిన ఈస్టును బ్రష్షు గాని, మందు నీరు గాని పూర్తిగా అందుకొనలేవు. దానికి వేడియే మందు. కడిగి, ఎండలో బాగుగా ఆరబెట్టి, తాటాకు మంట మీద బోర్లించి లోపలి గోడ అంతయు వేడెక్కునట్లు సెగ పట్టవలెను. మన పెద్దలు ఈ పని చేసెడివారు. క్రిముల పేరు తెలియకపోయినను వారి పద్ధతి సరియైనదే. వీలున్నవారు స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు గాని, ఆహారమునకు తగిన ప్లాస్టిక్కు పాత్రలు గాని వాడుట మేలు. అల్యూమినియము చవుకగా వచ్చునని కొనవద్దు. సున్నము దానిని తినివేయును.

స్టీలు, ప్లాస్టిక్కు పాత్రలకు మందు నీరు ఇట్లు చేసికొనవలెను. నూటికి 30 పాళ్లు క్లోరిన్ గల బ్లీచింగు పొడి 7 గ్రాములు 10 లీటర్ల నీటిలో కలిపి, తేరిన పై నీటిని వాడవలెను. మూత విప్పి చాలా రోజులైన, చెమ్మ పట్టిన పొడిలో బలము ఉండదు. సున్నము అంటిన పాత్రను ముందుగా నీటితో బాగుగా కడగవలెను. సున్నపు క్షారము క్లోరిన్ పనిని మందగింపజేయును. పాత్రలో అన్ని వైపుల తగులునట్లు 10 నిమిషములు ఉంచి, పారబోసి, కాచి చల్లార్చిన నీటితో తొలిచి, మూతి కిందికి బోర్లించి ఆరబెట్టుడు. చెరువు నీటితో తొలిచితిరా, చేసిన పని అంతయు వ్యర్థము. బ్లీచింగు నీటిలో నిమ్మపులుసు గాని, ఇంకే ఆమ్లము గాని కలుపవద్దు, విషవాయువు లేచును. స్టీలు పాత్రను రాత్రంతయు అందులో నానబెట్టవద్దు. తుప్పు మచ్చలు పడును.

వడకట్టు గుడ్డను ప్రతి దినము పావుగంట సేపు నీటిలో మరిగింపవలెను. గీత కత్తిని ఉదయము, సాయంత్రము మరిగే నీటిలో ముంచి తుడువవలెను. నా అనుభవము ఒకటి చెప్పెదను. ఒకసారి ఒక జాతరకు ఇరవై లీటర్ల నీరా తీసికొనిపోయినాము. లొట్లు కొత్తవి, మంచు సమృద్ధిగా ఉన్నది. అయినను పదిన్నర గంటలకే క్యానులో బుడగలు లేచినవి. వెదకగా, క్యాను కుళాయి లోపల ముందు వారపు మడ్డి గట్టిపడి ఉన్నది. దానిని విప్పి కడుగుట ఎవరికిని తోచలేదు. నాకు కూడ తోచలేదు. అప్పటికే ఇద్దరు తల్లులు పిల్లలకు తాగించిరి. ఆ దినమున కలిగిన సిగ్గు ఇప్పటికిని నాకు గుర్తున్నది. కుళాయి, మూత రబ్బరు, గొట్టము విడదీయగలిగినవన్నియు విడదీసి కడుగుడు.

లొట్టి మూతిపై వల తప్పనిసరి. ఇది పులుపు కొరకు మాత్రమే కాదు. బంగ్లాదేశ్‌లో ఈత జాతి చెట్ల పచ్చిరసమును గబ్బిలములు నాకుటవలన, మూత్రము విడుచుటవలన, ఆ రసము తాగినవారికి నిపా అనే ప్రాణాంతకమైన వ్యాధి సోకినట్లు నిరూపింపబడినది. అక్కడ కోసిన చోటును, కుండను కలిపి వెదురు తడికతో కప్పుట నేర్పినారు. ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకొనుడు: చల్లబరచుట ఆ వైరసును చంపదు. గబ్బిలము తాకినదని అనుమానము కలిగిన లొట్టిని పారబోయవలసినదే.

ఇప్పుడు చల్లబరచుట. నాలుగైదు డిగ్రీల సెంటీగ్రేడులో ఈస్టు చావదు, నిద్రపోవును. నిద్ర లేచిన మరల పని మొదలుపెట్టును. కాబట్టి ఒకసారి చల్లబరచి ఎండలో పెట్టిన నీరా, అసలు చల్లబరచని నీరా కన్న ఎంతో మెరుగు కాదు.

మంచు ఎంత కావలెను? పది లీటర్ల నీరాను 28 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు దింపుటకు సుమారు 240 కిలోకాలరీల వేడిని తీయవలెను. కిలో మంచు కరగుటకు 80 కిలోకాలరీలు పీల్చుకొనును. లెక్కకు మూడు కిలోలు చాలును. కాని పెట్టె గోడల నుండి, గాలి నుండి వేడి వచ్చుచునే ఉండును గనుక ఐదారు కిలోలు సిద్ధము చేసికొనుడు. మంచును నీరాలో వేయవద్దు. ఆ మంచు ఏ నీటితో చేసినదో మనకు తెలియదు. నీరా కూడ పలుచబడును. సన్నని, ఎత్తైన స్టీలు పాత్రలో నీరా పోసి, మంచు, నీరు కలిసిన తొట్టిలో నీరా మట్టము మునుగునట్లు దించి, శుభ్రమైన గరిటతో కలుపుచుండవలెను. కలుపనిచో అంచున చల్లబడును, నడుమ వెచ్చగనే ఉండును. పిడికెడు ఉప్పు మంచులో వేసిన చలువ ఇంకను పెరుగును. మట్టి కుండలో ఉంచి మంచులో పెట్టుట దండుగ. మట్టి వేడిని త్వరగా వదలదు.

అయితే చెట్టు మీద గడచిన రాత్రి మాటేమి? కొబ్బరి గెలల కొరకు కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ వారు దీనికి ఉపాయము చేసినారు. గొట్టము ద్వారా రసము మంచు పెట్టెలోని పాత్రలోనికే నేరుగా దిగును. సున్నము అక్కరలేదు. అట్లు తీసిన రసము తేనె రంగులో ఉండును. తెల్లగా నురుగుతో ఉండదు. తాటికి కూడ ఇదే సూత్రము. అయితే ఎత్తైన తాటి మీదికి మంచు మోయుట అందరికి కుదరదని నాకు తెలియును. కుదరనివారు పలుచని సున్నపు పూతతో గీసి, చీకటి ఉండగనే దింపి, చెట్టు కిందనే మంచులో పెట్టుడు.

ఒక పెద్దాయన నిన్న అడిగినాడు, “సారూ, పి.హెచ్. కాగితము పెట్టి చూస్తే సరిపోదా?” అని. సున్నము లేని తాజా నీరాలో అది ఏడుకు దగ్గరగా చూపును. ఆరు కన్న తగ్గినచో నీరాగా అమ్మవద్దు. కాని సున్నము వేసిన నీరాలో పులుపు పుట్టినను సున్నము దానిని కప్పిపుచ్చును. అక్కడ మీ ముక్కు, నాలుకయే మేలు. పులిసినది చట్టము దృష్టిలో కల్లే అగును. నీరా అనుమతి కాగితము దానికి పనికిరాదు.

రేపు తెల్లవారుజామున నాలుగు గంటలకు చెరువు కట్టమీది తాళ్ల దగ్గర కలిసికొందము. థర్మామీటరు నేను తెచ్చెదను. మీలో ప్రతి జట్టువారు రెండు లొట్లు కట్టుడు. ఒకటి నేటి సాయంత్రము ఇక్కడ చూపినట్లు కడిగినది, రెండవది మీరు ఎప్పుడును కడుగునట్లు కడిగినది. రెంటిని పక్కపక్కనే పెట్టి, తొమ్మిది గంటల వరకు చూచెదము.